సర్వర్ స్లో అంటే ర్యామ్ పెంచడమేనా?

వర్చువల్ మెషిన్లు చూసుకునే ఉద్యోగంలో చేరిన కొద్ది రోజులకే ఒక మాట అలవాటైపోతుంది. "అన్నా, మా సర్వర్ స్లోగా ఉంది, కొంచెం ర్యామ్ పెంచవా?" అడిగేది అప్లికేషన్ టీమ్. టికెట్‌లో మేనేజర్ అప్రూవల్ కూడా ఉంటుంది. 16 జీబీ ఉన్నచోట 32 అని టైపు చేస్తే పని అయిపోతుంది. అడిగినవాళ్లకు తృప్తి, మనకు టికెట్ క్లోజ్. తీరా చూస్తే సర్వర్ మాత్రం అలాగే ఉంటుంది. వారం తిరక్కుండా అదే టికెట్ మళ్లీ తెరుచుకుంటుంది. ఈసారి "ర్యామ్‌తో పాటు సీపీయూ కూడా పెంచండి" అని.

వీఎంలకు చేతికి ఎముక లేనట్టు పంచడం వల్ల మేలు జరగదు. అనవసరంగా ఇచ్చిన మెమరీ పక్క వీఎంకి దక్కాల్సింది. అనవసరంగా ఇచ్చిన వీసీపీయూ, తీసుకున్న వీఎంనే నెమ్మది చేయగలదు. అందుకని సెట్టింగుల పేజీ తెరిచే ముందు అసలు కొరత ఎక్కడుందో తేల్చుకోవాలి. ఆ తేల్చుకునే పద్ధతి, తేలాక ఏ సెట్టింగు ముట్టుకోవాలి, ఏది ముట్టుకోకూడదు అన్నదే ఈ వ్యాసం. ఉదాహరణలు ఎక్కువగా వీఎంవేర్ వీస్పియర్ నుంచి తీసుకున్నాను. హైపర్-వీ, ప్రాక్స్‌మాక్స్ వాడేవాళ్లకు తేడా వచ్చేచోట ఆ సంగతి చెబుతాను.

కొరత ఎక్కడ: అప్లికేషన్‌లోనా, గెస్ట్‌లోనా, హోస్టులోనా?

మొదట అప్లికేషన్ వైపు చూడండి. చాలా ప్రోగ్రాములు ఎంత మెమరీ వాడుకోవాలో వాటి సొంత సెట్టింగే నిర్ణయిస్తుంది. జావా అప్లికేషన్‌కు ఎక్స్ఎంఎక్స్ విలువ 8 జీబీ అని రాసి ఉంటే, వీఎంకి 64 జీబీ ఇచ్చినా హీప్ 8 జీబీ దాటదు. ఆ విలువ ఏమీ రాయకపోతే జేవీఎం మామూలుగా తనకు కనిపించే మెమరీలో నాలుగో వంతును గరిష్ఠ హీప్‌గా తీసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో షేర్డ్ బఫర్స్ డీఫాల్టు 128 ఎంబీ మాత్రమే. దాన్ని ఎవరూ మార్చకపోతే మీరు పోసిన ర్యామ్‌ను డేటాబేసు నేరుగా తీసుకోదు, అది ఓఎస్ క్యాష్‌కే పోతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌ది ఇందుకు పూర్తిగా ఎదురు. మ్యాక్స్ సర్వర్ మెమరీ డీఫాల్టుగా వదిలేస్తే దానికి హద్దే ఉండదు, దొరికినంతా తీసుకుని కూర్చుంటుంది. దాని మెమరీ వాడకం 95 శాతం అని గ్రాఫ్ చూపిస్తే అది కొరతకు గుర్తు కాదు, దాని స్వభావమే అంత. కాబట్టి టికెట్ రాగానే అడగాల్సిన మొదటి ప్రశ్న: "ర్యామ్ పెంచితే మీ అప్లికేషన్‌లో ఏ సెట్టింగు మారుస్తారు?" దానికి జవాబు లేకపోతే పెంచినా ఫలితం ఉండకపోవచ్చు.

తర్వాత గెస్ట్ ఓఎస్. లినక్స్‌లో ఫ్రీ కమాండ్ కొట్టి "ఫ్రీ" అన్న కాలమ్‌లో చిన్న అంకె చూసి కంగారుపడేవాళ్లు ఎందరో. లినక్స్ ఖాళీగా ఉన్న మెమరీని ఫైళ్ల క్యాష్‌కు వాడుకుంటుంది, అవసరమైతే వెంటనే వదిలేస్తుంది. చూడాల్సింది "అవైలబుల్" కాలమ్. దానితో పాటు వీఎంస్టాట్‌లో ఎస్ఐ, ఎస్ఓ కాలమ్‌లు చూడండి. పని గంటల్లో అవి సున్నా దాటి అదేపనిగా కదులుతుంటే గెస్ట్ నిజంగా స్వాప్‌లోకి వెళ్తోందని అర్థం. అప్పుడు మాత్రం మెమరీ అడగడం న్యాయమే. విండోస్‌లో అయితే పెర్ఫార్మెన్స్ మానిటర్‌లో అవైలబుల్ ఎంబైట్స్, టాస్క్ మేనేజర్‌లో కమిటెడ్ అంకెలు చూడాలి.

చివరగా హోస్టు. గెస్ట్‌లో అంతా బాగున్నట్టే కనిపిస్తూ వీఎం మాత్రం ఈడుస్తుంటే అనుమానం ఇటు తిరగాలి. వీస్పియర్‌లో బెలూన్, స్వాప్, సీపీయూ రెడీ, ఈ మూడు అంకెలూ చూస్తే సగం కథ తెలుస్తుంది. లినక్స్ గెస్ట్ కేవీఎం మీదో క్లౌడ్‌లోనో నడుస్తుంటే టాప్ కమాండ్‌లోని "ఎస్‌టీ" అంకె చూడండి. గెస్ట్ సీపీయూ కోసం సిద్ధంగా ఉన్నా హైపర్‌వైజర్ దాన్ని వేరేవాళ్లకు ఇచ్చిన సమయం అది.

రిజర్వేషన్, లిమిట్, షేర్స్

ఇంటర్వ్యూల్లో తరచూ అడిగే ప్రశ్న ఇది. ఉద్యోగంలో తరచూ తప్పు జరిగేదీ ఇక్కడే.

రిజర్వేషన్ అంటే హామీ. 16 జీబీ రిజర్వ్ చేస్తే ఆ 16 జీబీ భౌతిక మెమరీ ఆ వీఎందే, ఇంకెవరికి ఎంత కొరత వచ్చినా అందులోంచి లాక్కోరు. హామీ ఇవ్వగలిగినంత మెమరీ హోస్టులో మిగిలి లేకపోతే ఆ వీఎం అసలు పవర్ ఆన్ కాదు. రిజర్వేషన్‌కు ఇంకో ప్రభావం కూడా ఉంది. వీఎం ఆన్ అయినప్పుడు వీస్పియర్ హైపర్‌వైజర్ అయిన ఈఎస్ఎక్స్ఐ ఒక స్వాప్ ఫైలు తయారు చేస్తుంది. దాని సైజు, కేటాయించిన మెమరీలోంచి రిజర్వేషన్ తీసేయగా మిగిలినంత. 64 జీబీ వీఎంకి 16 జీబీ రిజర్వ్ చేస్తే డేటాస్టోర్‌లో 48 జీబీ ఫైలు కూర్చుంటుంది. డేటాస్టోర్ ఉన్నట్టుండి నిండిపోయిందని అర్ధరాత్రి అలర్టు వస్తే, ఆ మధ్య ఎవరైనా పెద్ద వీఎంలు ఆన్ చేశారేమో కూడా చూసుకోండి.

లిమిట్ అంటే అడ్డుకట్ట. ఇది డీఫాల్టుగా అన్‌లిమిటెడ్. దాన్ని అలాగే ఉంచండి. లిమిట్ తెచ్చే చిక్కు బయటికి కనిపించదు. ఒక టెంప్లేట్‌లో ఎవరో ఎప్పుడో 4 జీబీ లిమిట్ పెట్టారనుకోండి. దానిలోంచి తీసిన ప్రతి క్లోన్‌కూ ఆ లిమిట్ వస్తుంది. తర్వాత ఆ వీఎంకి 16 జీబీ ఇస్తారు. గెస్ట్ 16 జీబీ ఉందనే అనుకుంటుంది, టాస్క్ మేనేజర్ కూడా 16 అనే చూపిస్తుంది. హోస్టు మాత్రం 4 జీబీ దాటి భౌతిక మెమరీ ఇవ్వదు, మిగతాది బెలూన్‌తోనో స్వాప్‌తోనో సర్దుతుంది. హోస్టులో వంద జీబీ ఖాళీగా ఉన్నా ఆ వీఎం స్వాప్‌లో మునిగే ఉంటుంది. ర్యామ్ పెంచినకొద్దీ స్లో అవుతున్న వీఎం కనిపిస్తే మొదట లిమిట్ గడి చూడండి. మొత్తం ఎన్విరాన్‌మెంట్‌లో లిమిట్ ఉన్న వీఎంల జాబితా పవర్‌సీఎల్ఐతో ఒక్కసారి తీసి చూడటం కొత్తగా చేరినవాళ్లు మొదటి వారంలో చేయదగ్గ మంచి పని.

షేర్స్ అంటే వంతు. హోస్టులో అందరికీ సరిపడా ఉన్నంతకాలం వీటికి పనే లేదు. కొరత వచ్చి పోటీ పడ్డప్పుడు ఎవరికి ఎంత అన్నది ఇవి చెబుతాయి. మెమరీకి హై అయితే ఎంబీకి 20, నార్మల్ అయితే 10, లో అయితే 5 షేర్లు. ప్రొడక్షన్ డేటాబేసుకు హై, టెస్టు వీఎంలకు లో పెట్టడం సబబే. "మాదీ ముఖ్యమే" అంటూ అందరికీ హై పెట్టేస్తే మాత్రం ఎవరికీ పెట్టనట్టే.

మరి రిజర్వేషన్ ఎవరికి ఇవ్వాలి? పెద్ద హీప్ ఉన్న జావా వీఎంలకు, ప్రొడక్షన్ డేటాబేసులకు పూర్తి రిజర్వేషన్ ఇవ్వడం న్యాయం. జావా గార్బేజ్ కలెక్షన్ హీప్ అంతా తిరిగి చూస్తుంది. అందులో కొంత భాగం డిస్కు మీద స్వాప్‌లో ఉంటే ఆ తిరుగుడు నిమిషాలకు సాగుతుంది, అప్లికేషన్ చచ్చిపోయిందేమో అనిపిస్తుంది. మిగతా మామూలు వీఎంలకు రిజర్వేషన్ అక్కర్లేదు.

హోస్టులో మెమరీ కరువైతే

హైపర్‌వైజర్ ఉన్న ర్యామ్ కంటే ఎక్కువ పంచగలదు. అందరూ ఒకేసారి మొత్తం వాడరన్న నమ్మకంతో చేసే పని ఇది, తప్పేమీ కాదు. ఆ నమ్మకం వమ్మయినప్పుడు ఈఎస్ఎక్స్ఐ కొన్ని ఉపాయాలు ఒకదాని తర్వాత ఒకటి వాడుతుంది.

ఒకేలా ఉన్న మెమరీ పేజీలను కలిపి ఒక్కటే ఉంచుకోవడం ఒక ఉపాయం. వేర్వేరు వీఎంల మధ్య ఇలా కలపడాన్ని భద్రతా కారణాలతో 2014 చివరి నుంచి డీఫాల్టుగా ఆపేశారు. పాత పుస్తకాలు చదివి దీనివల్ల ఎంతో మిగులుతుందని లెక్క వేసుకోకండి. తర్వాతది బెలూన్. వీఎంవేర్ టూల్స్‌తో వచ్చే డ్రైవర్ గెస్ట్ లోపల మెమరీ అడిగి పట్టుకుంటుంది, ఆ మేరకు హోస్టు తన మెమరీని వెనక్కి తీసుకుంటుంది. ఏ పేజీలు వదలాలో గెస్టే నిర్ణయించుకుంటుంది కాబట్టి ఇది కాస్త మర్యాదైన పద్ధతి. టూల్స్ లేని వీఎంకి ఆ మర్యాద దక్కదు. బెలూన్ చాలకపోతే కంప్రెషన్, అదీ చాలకపోతే హోస్టు స్వాప్. ఈ చివరిదానిలో గెస్ట్‌కు ఏది ముఖ్యమో తెలియకుండానే పేజీలు డిస్కు మీదికి పోతాయి. వీఎం నత్తనడక నడిచేది అప్పుడే.

దీన్ని పట్టుకోవడానికి ఈఎస్ఎక్స్‌టాప్ మెమరీ పేజీలో బెలూన్ సైజు, స్వాప్ చదివే వేగం చూడాలి. స్వాప్‌లో కొంత మెమరీ పడి ఉన్నా, దాన్ని ఇప్పుడు చదవడం లేదంటే అది ఎప్పుడో జరిగిన కొరత మిగిల్చిన గుర్తు మాత్రమే. చదివే వేగం సున్నా దాటి నిలిచి ఉంటే కొరత ఈ నిమిషంలో ఉందని అర్థం. విండోస్ గెస్ట్‌లో ప్రాసెస్‌లన్నీ కూడినా రానంత మెమరీ "వాడకంలో" కనిపిస్తే, ర్యామ్‌మ్యాప్ టూల్‌లో డ్రైవర్ లాక్డ్ అన్న వరస చూడండి. బెలూన్ అక్కడ దొరికిపోతుంది.

వీస్పియర్ చూపించే "యాక్టివ్ మెమరీ" అంకె విషయంలో జాగ్రత్త. అది ఈమధ్య తాకిన పేజీల అంచనా. 64 జీబీ డేటాబేసుకు యాక్టివ్ 6 జీబీ అని చూసి 10 జీబీకి తగ్గిస్తే మర్నాడు డీబీఏ మీ సీటు దగ్గరికొస్తాడు. క్యాష్‌లో ఉన్న డేటాను డేటాబేసు నిమిషనిమిషానికీ తాకదు, అవసరమైనప్పుడు అక్కడ ఉండాలి, అంతే.

హైపర్-వీలో వీఎంల మధ్య మెమరీ సర్దే పని డైనమిక్ మెమరీ చేస్తుంది. స్టార్టప్, మినిమం, మ్యాక్సిమం అని మూడు విలువలు, వాటికి తోడు 20 శాతం డీఫాల్టు బఫర్. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. మ్యాక్సిమం డీఫాల్టు 1 టీబీ. మెమరీ లీక్ ఉన్న ఒక్క అప్లికేషన్ హోస్టు ర్యామ్ అంతా మింగడానికి అది చాలు. ప్రతి వీఎంకీ మ్యాక్సిమం చేత్తో పెట్టండి. ఎక్స్చేంజ్ సర్వర్‌కు డైనమిక్ మెమరీని మైక్రోసాఫ్ట్ సపోర్ట్ చేయదు, దానికి స్థిరమైన మెమరీయే ఇవ్వాలి.

కేవీఎంలో ప్రతి వీఎం లినక్స్ హోస్టు మీద ఒక ప్రాసెస్. హోస్టుకు మెమరీ పూర్తిగా అయిపోతే ఓఓఎం కిల్లర్ పెద్ద ప్రాసెస్‌ను చంపుతుంది. ఆ పెద్ద ప్రాసెస్ మీ ముఖ్యమైన వీఎం కావచ్చు. అందుకే ఇక్కడ అతిగా పంచడం ఇంకా ప్రమాదం. ప్రాక్స్‌మాక్స్‌లో హోస్టు మెమరీ వాడకం 80 శాతం చేరినప్పుడు ఆటోమేటిక్ బెలూనింగ్ మొదలవుతుంది. స్టోరేజీకి జెడ్‌ఎఫ్‌ఎస్ వాడుతుంటే దాని క్యాష్‌ను కూడా లెక్కలో వేసుకోండి. పాత ఇన్‌స్టాలేషన్లలో అది హోస్టు ర్యామ్‌లో సగం దాకా పెరుగుతుంది. వెర్షన్ 8.1 నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసినవాటిలో దాన్ని 10 శాతానికి, అదీ 16 జీబీ మించకుండా, కట్టడి చేశారు. 2023 నవంబరులో వీఎంవేర్ బ్రాడ్‌కామ్ చేతికి వెళ్లాక ప్రాక్స్‌మాక్స్ వైపు చూస్తున్న టీములు చాలా ఉన్నాయి. పాత అంకెలను యథాతథంగా అక్కడికి మోసుకెళ్లకుండా ఈ లెక్క మళ్లీ వేసుకోవాలి.

వీసీపీయూ: ఎక్కువైతే ఎందుకు నెమ్మదిస్తుంది?

పెళ్లి భోజనాల దగ్గర ఇద్దరే వచ్చినవాళ్లకు ఏ బంతిలోనో రెండు ఆకులు దొరుకుతాయి. పన్నెండు మందీ కలిసే కూర్చుంటామని పట్టుబట్టే బృందం మాత్రం నిలబడే ఉంటుంది. వీసీపీయూల సంగతీ దాదాపు ఇంతే. పన్నెండు వీసీపీయూల వీఎంకి హోస్టులో అన్ని కోర్లు దగ్గరదగ్గరగా ఖాళీ దొరకాలి. ఇప్పటి ఈఎస్ఎక్స్ఐ అందరూ ఒకేసారి కూర్చోవాలని కఠినంగా పట్టుబట్టదు. కానీ ఒక వీసీపీయూ మరీ ముందుకు వెళ్లిపోతే మిగతావి అందుకునేదాకా దాన్ని ఆపుతుంది. ఆ ఆగిన సమయం కో-స్టాప్ అన్న అంకెలో కనిపిస్తుంది. రెండు వీసీపీయూలతో సరిపోయే పనికి పన్నెండు ఇస్తే వచ్చే ప్రతిఫలం ఇదే.

సీపీయూ రెడీ అంటే వీఎం పని చేయడానికి సిద్ధంగా ఉన్నా కోరు దొరక్క ఎదురుచూసిన సమయం. వీస్పియర్ రియల్‌టైమ్ చార్టులో అది మిల్లీసెకన్లలో ఉంటుంది, ఒక్కో బిందువు 20 సెకన్లకు లెక్క. 20 సెకన్లంటే 20,000 మిల్లీసెకన్లు. నాలుగు వీసీపీయూల వీఎంకి మొత్తం 4,000 మిల్లీసెకన్లు చూపిస్తే ఒక్కో వీసీపీయూకి 1,000, అంటే 5 శాతం. ఒక్కో వీసీపీయూకి 5 శాతం దాటుతుంటే కన్నేసి ఉంచండి, 10 శాతం దాటితే వాడేవాళ్లకు తెలిసిపోతుంది. ఈ భాగహారం మరిచిపోయి 4,000ను 20 శాతంగా చదివి హడావుడి చేసేవాళ్లున్నారు. రోజు చార్టులో ఒక్కో బిందువు 300 సెకన్లకు లెక్క, అక్కడ 20,000తో భాగిస్తే జవాబు తప్పుతుంది.

కొత్త వీఎంకి రెండు వీసీపీయూలతో మొదలుపెట్టండి. గెస్ట్‌లో సీపీయూ పని గంటల్లో అదేపనిగా 80 శాతం పైన ఉండి, రెడీ తక్కువగా ఉంటే పెంచండి. గెస్ట్‌లో వాడకం తక్కువ, రెడీ ఎక్కువ అయితే పెంచడం కాదు, తగ్గించాలి. లేదా హోస్టు మీద రద్దీ తగ్గించాలి.

న్యూమా హద్దు

రెండు సాకెట్ల సర్వర్‌లో ప్రతి సాకెట్‌కూ దాని పక్కనే కొంత మెమరీ ఉంటుంది. పక్క సాకెట్ మెమరీ అందుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఒక్కో సాకెట్‌కు 16 కోర్లు, మొత్తం 256 జీబీ ఉన్న హోస్టు అనుకోండి. ఒక్కో న్యూమా నోడ్‌లో, అంటే ఒక సాకెట్, దాని పక్క మెమరీ కలిపి, 16 కోర్లు, 128 జీబీ. 12 వీసీపీయూలు, 96 జీబీ వీఎం ఒక నోడ్‌లో హాయిగా ఇమిడిపోతుంది. అదే వీఎంకి 160 జీబీ ఇస్తే కొంత మెమరీ అవతలి నోడ్‌లో పడుతుంది. నిజంగా అంత అవసరమైతే ఇవ్వండి, కానీ ముందుచూపు పేరుతో హద్దు దాటించకండి.

"ఎందుకైనా మంచిది" అని సీపీయూ హాట్ యాడ్‌ను టెంప్లేట్‌లోనే ఆన్ చేసి పెట్టేవాళ్లున్నారు. అది ఆన్ చేస్తే మామూలుగా ఈఎస్ఎక్స్ఐ గెస్ట్‌కు న్యూమా అమరికను చూపించదు. చిన్న వీఎంలకు నష్టం లేదు. రెండు నోడ్‌ల మీద పరుచుకునే పెద్ద డేటాబేసు వీఎంకి నష్టమే. పెద్ద వీఎంలకు అది ఆఫ్‌లో ఉంచి, పెంచాల్సినప్పుడు మెయింటెనెన్స్ విండో తీసుకోవడం మేలు. హైపర్-వీలోనూ డైనమిక్ మెమరీ పెట్టిన వీఎంకి వర్చువల్ న్యూమా అందదు.

మెమరీ, సీపీయూ కాకపోతే

రెండూ బాగున్నా వీఎం స్లో అంటే ఇంకో నాలుగు చూడండి. సర్వర్ బయోస్‌లో పవర్ సేవింగ్ ఆన్‌లో ఉందా? ఈఎస్ఎక్స్ఐ పవర్ పాలసీ డీఫాల్టుగా బ్యాలెన్స్డ్, ఆలస్యాన్ని భరించలేని పనులకు హై పెర్ఫార్మెన్స్‌కు మార్చండి. నెట్‌వర్క్ కార్డు ఈ1000లోనే ఉండిపోయిందా, వీఎంఎక్స్‌నెట్3కి మారిందా? కేవీఎంలో అయితే డిస్కు, నెట్‌వర్క్ రెండూ వర్టియోలో ఉన్నాయా? చివరిగా, ఎవరో అప్‌గ్రేడ్ ముందు తీసిన స్నాప్‌షాట్ అలాగే ఉండిపోయిందా? ఒక స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచవద్దని వీఎంవేర్ చెబుతుంది. నెలల తరబడి ఉండిపోయినవి దొరకడం వింతేమీ కాదు.

ల్యాప్‌టాప్ మీద నేర్చుకునేవాళ్లకు

అమీర్‌పేటలో కోర్సులో చేరి ఇంట్లో ల్యాబ్ పెట్టుకునేవాళ్లకు ఒక లెక్క. వీసెంటర్ 8 అతి చిన్న సైజుకే 14 జీబీ కావాలి, ఈఎస్ఎక్స్ఐ 8కి కనీసం 8 జీబీ. 16 జీబీ ల్యాప్‌టాప్‌లో ఈ రెండూ కలిసి నడవవు. ఆ ల్యాప్‌టాప్‌తోనే నేర్చుకోవాలంటే ప్రాక్స్‌మాక్స్‌తోనో హైపర్-వీతోనో మొదలుపెట్టండి, పైన చెప్పిన సూత్రాలన్నీ అక్కడా నేర్చుకోవచ్చు. హోస్టు విండోస్‌కు కనీసం 4 జీబీ వదలండి. డబ్ల్యూఎస్ఎల్ 2 వాడుతుంటే అది డీఫాల్టుగా ర్యామ్‌లో సగం దాకా తీసుకోగలదు, డబ్ల్యూఎస్ఎల్ కాన్ఫిగ్ ఫైల్లో తగ్గించుకోండి. వర్చువల్‌బాక్స్ కింద పట్టీలో పచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తే విండోస్‌లో హైపర్-వీ ఆన్‌లో ఉండటం వల్ల వీఎం నెమ్మదిస్తోందని తెలుసుకోండి.

అడిగినవాళ్లతో ఎలా మాట్లాడాలి?

"కుదరదు" అంటే గొడవ. "సరే" అంటే మళ్లీ టికెట్. అంకెలు పెట్టి మాట్లాడితే రెండూ తప్పుతాయి. ఇలా రాయొచ్చు: "గత రెండు వారాల పని గంటల్లో ఈ వీఎంలో అవైలబుల్ మెమరీ 6 జీబీకి తగ్గలేదు, స్వాప్ జరగలేదు. జావా హీప్ 4 జీబీ దగ్గర నిండుతోంది. ఎక్స్ఎంఎక్స్ 8కి పెంచి ఒక వారం చూద్దాం. చాలకపోతే వీఎంకి ఇంకో 8 జీబీ ఇస్తాం." ఇందులో తిరస్కారం లేదు, వాళ్ల పని ముందుకు వెళ్లే దారి ఉంది.

సాఫ్ట్‌వేర్ వెండర్ డాక్యుమెంట్‌లో 16 వీసీపీయూలు, 64 జీబీ అని ఉందంటారు. సపోర్ట్ కాంట్రాక్టు దాన్ని షరతుగా పెడితే వాదించకండి, ఇవ్వండి. అది సలహా మాత్రమే అయితే సగంతో మొదలుపెట్టి నెలాఖరు, ఆడిట్ వంటి రద్దీ రోజులు దాటాక అంకెలు చూసి తేల్చుకుందామని రాతపూర్వకంగా ఒప్పించండి.

తగ్గించడం పెంచడం కంటే కష్టం. సాధారణంగా వీఎం ఆపాలి, పైగా ఉన్నది తీసేస్తున్నారన్న బాధ ఉంటుంది. అందుకే ఒకేసారి సగానికి కోయకుండా రెండు మూడు దఫాలుగా తగ్గించండి. ప్రతి దఫాకీ మధ్య ఒక నెలాఖరు గడవనివ్వండి. వెనక్కి వెళ్లే దారి ఛేంజ్ రిక్వెస్ట్‌లోనే రాసి పెట్టండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. ర్యామ్, వీసీపీయూ, పవర్ పాలసీ కలిపి ఒకే విండోలో మారిస్తే, బాగుపడినా దేనివల్లో తెలియదు, చెడినా తెలియదు.

ప్రతి ముఖ్యమైన వీఎంకీ ఒక చిన్న రికార్డు పెట్టుకోండి: ఎంత ఇచ్చాం, ఎందుకు ఇచ్చాం, ఎవరు అడిగారు, అప్లికేషన్‌లో ఏ సెట్టింగు మారింది, మార్చడానికి ముందు, తర్వాత రెడీ, స్వాప్ ఎంత, మళ్లీ ఎప్పుడు చూడాలి. కొత్త హోస్టులు కొనమని మేనేజర్‌ను అడగాల్సి వచ్చినప్పుడు, లేదా కొనక్కర్లేదని చెప్పాల్సి వచ్చినప్పుడు ఈ రికార్డే మీ తరఫున మాట్లాడుతుంది. అప్రైజల్‌లో "ఈ ఏడాది ఏం చేశారు?" అని అడిగితే, క్లోజ్ చేసిన టికెట్ల సంఖ్య కంటే అందులోని నాలుగు వరసలు ఎక్కువ విలువ చేస్తాయి.